ఎమ్మెల్యే బంధువు కారు గుద్దింది, స్టేషన్‌లో డ్రైవర్ మారిపోయాడు. కేసు నిలబడుతుందా?

కోనసీమ_కుర్రోడు
మా బాబాయి కొడుకు బండి మీద ఇంటికొస్తుంటే ఎదురుగా కారొచ్చి గుద్దింది. తొడ ఎముక విరిగి రాడ్ వేశారు. కారు మా ఎమ్మెల్యే బావమరిది ఇంటిది. నడిపింది ఆయన కొడుకు, లైసెన్స్ తీసుకునే వయసు కూడా లేదు. గుద్దాక దిగి ఫోన్ మాట్లాడుతూ నిలబడ్డాడు, టీ కొట్టు దగ్గరున్న వాళ్లంతా చూశారు. సాయంత్రానికి ఆ ఇంటి డ్రైవర్ స్టేషన్‌కి వెళ్లి నేనే నడిపానన్నాడు. ఎఫ్ఐఆర్‌లో అతని పేరే రాశారు.

మేం అడిగితే ఎస్సై "ఆసుపత్రి ఖర్చు వాళ్లే పెట్టుకుంటామంటున్నారు కదా, ఇంకా పట్టుదల ఎందుకు, రాజీ కాగితం మీద సంతకం పెట్టేయండి" అంటున్నాడు. బాబాయి కౌలు రైతు, భయపడుతున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. అదే మా తమ్ముడు కారు నడిపి వాళ్ల అబ్బాయి కాలు విరగ్గొట్టి ఉంటే ఈపాటికి ఎక్కడుండేవాడు? పోరాడితే ఫలితం ఉంటుందా, ఊళ్లో పగే మిగులుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బెజవాడ_బుల్లెట్టు
ముందు సంతకం పెట్టొద్దు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నిర్వాహకుడు
ఊరు, ఎమ్మెల్యే పేరు, పార్టీ ఇక్కడ రాయకండి. ఆ అబ్బాయి మైనరైతే అతని గుర్తులు అసలే వద్దు. విషయం మీద ఎంతైనా మాట్లాడుకోవచ్చు.

మానేరు_ఒడ్డు
ఊరు మారుతది గానీ కథ మారదు. 2023 డిసెంబరులో బేగంపేట ప్రజాభవన్ ముందు ఏం జరిగిందో గుర్తుందా? అర్ధరాత్రి దాటాక బీఎండబ్ల్యూ వచ్చి బారికేడ్లను గుద్దింది. నడిపింది బోధన్ మాజీ ఎమ్మెల్యే కొడుకని తర్వాత పోలీసులే చెప్పారు. స్టేషన్‌లో మాత్రం వేరేవాడు నేనే డ్రైవర్‌నన్నాడు. సీసీటీవీ చూశాక గుట్టు బయటపడింది. అప్పటికే కుర్రాడు దుబాయ్ ఎక్కేశాడు. పంజాగుట్ట ఇన్‌స్పెక్టర్‌ని సస్పెండ్ చేశారు, తర్వాత అరెస్టు కూడా చేశారు. నెల తిరిగేసరికి ఆ స్టేషన్‌లో 80 మందికి పైగా సిబ్బందిని ఒక్క ఆర్డరుతో బదిలీ చేశారు. నీ కేసులో జరిగింది అచ్చం ఇదే తమ్మీ.

గచ్చిబౌలి_గాలి
అది ప్రభుత్వం మారింది కాబట్టి బయటికొచ్చింది. పాతవాళ్లే ఉంటే డ్రైవర్ పేరుతోనే ఫైలు మూసేసేవాళ్లు.

మానేరు_ఒడ్డు
@గచ్చిబౌలి_గాలి సగం నిజం. ఇంకో సగం చూడు. డిసెంబరు 3నే పార్టీ ఓడిపోయింది, ఆయనా ఓడిపోయాడు. మూడు వారాల తర్వాత కూడా స్టేషన్‌లో మనిషిని మార్చగలిగారు. అంటే ఆ పలుకుబడి ఓటుతో పోలేదు. కుర్చీలో కూర్చోబెట్టినోళ్లు దిగిపోయినా, కూర్చున్నోడు ఇంకా వాళ్ల మాటే వింటున్నడు.

రిటైర్డ్_హెచ్‌సీ
పైన చివరి వాక్యం దగ్గరే అసలు విషయం ఉంది. నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను, లోపల ఎలా ఉంటుందో చెబుతాను.

కేసు కట్టొద్దని ఎవరూ ఫోన్ చేయరు. "అబ్బాయి మనవాడే, చిన్నపిల్లాడు, కాస్త చూడండి" అంటారు, అంతే. ఆ ఫోన్ చేసేది నాయకుడు కూడా కాదు, పీఏనో తమ్ముడో. కొన్నిసార్లు ఆ ఫోన్ కూడా రాదు. కారు నంబరు చూడగానే స్టేషన్‌లో కేసులు రాసే రైటర్ కలం ఆగిపోతుంది.

ఎందుకు ఆగుతుందంటే, మన రెండు రాష్ట్రాల్లోనూ సీఐ, ఎస్సై పోస్టింగ్ కావాలంటే ఎమ్మెల్యే సిఫారసు లేఖ తెచ్చుకోవడం మామూలైపోయింది. ఆ లేఖ తెచ్చుకుని వచ్చినవాడు ఆ ఇంటి మనిషి మీద కేసు కడితే మర్నాడు పోస్టింగ్ లేకుండా వీఆర్‌లో ఉంటాడు. పిల్లల చదువు మధ్యలో ఉంటుంది, ఇల్లు ఖాళీ చేయాలి. నేను సమర్థించడం లేదు, జరిగేది చెబుతున్నాను. పక్షపాతం నేరం జరిగిన రాత్రి మొదలవదు, ఆ ఎస్సై ఆ స్టేషన్‌కి వచ్చిన రోజే మొదలవుతుంది.

ఇంకో మాట. దర్యాప్తు అంతా మొదటి రోజే. మద్యం తాగాడా లేదా అన్నది గంటగంటకీ రక్తంలో తగ్గిపోతుంది. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, కానీ ఒక రాత్రి పడుకుని లేచి వస్తే ఇంకేం దొరుకుతుంది? సీసీటీవీ మీద కొత్త రికార్డింగ్ వచ్చి పడుతుంది. కారు షెడ్డుకి వెళ్లిపోతుంది. ఆ ఒక్క రోజు పోతే తర్వాత ఎంత పెద్ద కోర్టు వచ్చినా పోయింది తిరిగి రాదు.

ఓరుగల్లు_పిల్ల
హెచ్‌సీ గారు, 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే కదా. స్టేషన్ అధికారి ఎస్‌హెచ్‌ఓకి కనీసం రెండేళ్లు పదవీకాలం ఉండాలి, బదిలీలు పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు చూడాలి, దర్యాప్తు వేరు, బందోబస్తు వేరు చేయాలి. ఇన్నేళ్లయింది. ఏ పార్టీ వచ్చినా దాన్ని నిజంగా అమలు చేయడానికి చేతులు రావు. మన దగ్గర ఎమ్మెల్యేకి నిధుల కంటే స్టేషన్ ముఖ్యం.

సీమ_బిడ్డ
బంధువుల సంగతి వస్తే మా కడప గురించి ఎవరూ మాట్లాడరేం? 2019 మార్చి 15న వివేకానందరెడ్డి గారి హత్య. మొదట గుండెపోటన్నారు. చనిపోయిందీ ఆ కుటుంబమే, ఆరోపణలొచ్చిందీ ఆ కుటుంబం మీదే. కూతురు సునీత గారు సుప్రీంకోర్టుకి వెళ్తే, 2022 నవంబరులో కేసు విచారణని రాష్ట్రం దాటించి హైదరాబాద్‌కి మార్చారు. 2023 మేలో సీబీఐ కర్నూలు ఆసుపత్రి దాకా వచ్చి అదే కుటుంబానికి చెందిన ఎంపీని అరెస్టు చేయలేక వెనుదిరిగింది. మాజీ ముఖ్యమంత్రి తమ్ముడి కూతురికే ఇంత కష్టమైతే కౌలు రైతు పరిస్థితేంటి?

పులివెందుల_పాలెగాడు
ఆ ఎంపీకి హైకోర్టు ముందస్తు బెయిలిచ్చింది, అది కూడా రాయి. ఆరోపణ వేరు, రుజువు వేరు.

సీమ_బిడ్డ
రాశాననుకో. ఇచ్చింది, 2023 మే 31న. నేను దోషి అనలేదు. స్థానిక వ్యవస్థ మీద నమ్మకం లేదని సాక్షాత్తూ సుప్రీంకోర్టు కేసుని రాష్ట్రం దాటించింది, నా బాధ అది.

నిర్వాహకుడు
ఇది పార్టీల గొడవలోకి వెళ్తోంది. ఆ కేసు గురించి ఇక్కడితో ఆపండి.

డల్లాస్_దోసె
ఇక్కడ అమెరికాలో అయితే అధ్యక్షుడి కొడుకైనా కోర్టుకి రావాల్సిందే. తండ్రి పదవిలో ఉండగానే హంటర్ బైడెన్‌ని 2024 జూన్‌లో జ్యూరీ దోషిగా తేల్చింది.

గచ్చిబౌలి_గాలి
అదే ఏడాది డిసెంబరులో తండ్రే క్షమాభిక్ష పెట్టాడు, అది చెప్పవేం? ట్రంప్ తన వియ్యంకుడికి 2020లో క్షమాభిక్ష పెట్టి, రెండోసారి గెలిచాక ఫ్రాన్స్‌కి రాయబారిగా పంపాడు.

డల్లాస్_దోసె
క్షమాభిక్ష పెట్టింది నిజమే, నాకూ నచ్చలేదు. కానీ తేడా చూడు. అక్కడ పోలీసు రాయడం ఆగలేదు, ప్రాసిక్యూటర్ ఆగలేదు, తీర్పు ఆగలేదు. తండ్రి చివర్లో తన పేరుతో, అందరి ముందు సంతకం పెట్టి ఆ మచ్చ మోశాడు. మన దగ్గర ఎవరి సంతకమూ లేకుండానే మొదట్లోనే పని అయిపోతుంది. ఎవరిని అడగాలో కూడా తెలియదు.

ఓరుగల్లు_పిల్ల
ఈ మాట ఒప్పుకుంటా.

మాజీ_సర్పంచ్_తమ్ముడు
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. రెండో వైపు కూడా వినండి. మా అన్న సర్పంచ్‌గా ఉన్నప్పుడు ఊళ్లో కొట్లాట జరిగితే ఆ రోజు ఊళ్లోనే లేని నా పేరు కేసులో పెట్టించారు, అవతలి పార్టీ అధికారంలో ఉంది కాబట్టి. నాయకుడి తమ్ముడైతే చాలు, తప్పు చేసినట్టే లెక్క. 2023లో బండి సంజయ్ గారి కొడుకు కాలేజీలో తోటి విద్యార్థిని కొట్టిన వీడియో వచ్చిన వెంటనే పోలీసులు కేసు కట్టారు. కొట్టడం తప్పే. అయితే ఆ వేగం అధికార పార్టీ పిల్లల మీద చూపిస్తారా?

రిటైర్డ్_హెచ్‌సీ
సర్పంచ్ తమ్ముడు గారు చెప్పింది ఇంతవరకు వచ్చిన వాదనకి వ్యతిరేకం కాదు. ఫోన్ ఎత్తితే మనవాడి కేసు ఆగే చోట, అదే ఫోన్ ఎత్తితే పగవాడి మీద కేసు పడుతుంది. స్టేషన్ ఒకటే, ఎస్సై ఒకడే.

నందిగామ_నాటు
ఈ ఫోన్ల మధ్యలో మూడోవాడు కూడా ఒకడుంటాడు. అసలువాడు దొరకనప్పుడు ఎవరినో ఒకరిని చూపించాలి కదా.

2007 డిసెంబరు 27న ఇబ్రహీంపట్నం లేడీస్ హాస్టల్‌లో ఫార్మసీ చదివే అమ్మాయిపై అత్యాచారం, హత్య. ఒక మాజీ మంత్రి మనవడి ప్రమేయం ఉందని తల్లిదండ్రులు మొదటి నుంచీ ఆరోపించారు, ఆ వైపు వాళ్లు కాదన్నారు. పోలీసులు మాత్రం 2008లో మా పక్క పల్లెటూరి పేద కుర్రాడిని తీసుకొచ్చి వీడేనన్నారు. నడవడానికి కూడా ఇబ్బంది పడే జబ్బు అతనికి. 2010లో విజయవాడ కోర్టు జీవిత ఖైదు వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే అయిపోయాయి. 2018లో సీబీఐకి ఇచ్చారు. కుటుంబం ఒప్పుకోలేక ఒప్పుకుని, మళ్లీ శవపరీక్ష కోసం 2019లో సమాధి తవ్వించుకుంది.

ఆ తల్లి కడుపుకోత ఒకటి, ఈ కుర్రాడి యవ్వనం ఒకటి. నిజం ఎవరిదో నాకు తెలియదు, కానీ మొదటి వారంలో భయపడకుండా దర్యాప్తు చేసి ఉంటే ఈ రెండు కుటుంబాల్లో ఒక్కటైనా మిగిలేది. ఇప్పటికీ ఆ హైవే మీద వెళ్తుంటే నాకు గుండె పట్టేస్తుంది.

ఓరుగల్లు_పిల్ల
అమ్మాయి పేరు రాయకుండా చెప్పినందుకు థాంక్స్ అన్నా. అత్యాచారం కేసుల్లో బాధితురాలు చనిపోయినా సరే పేరు బయటపెట్టకూడదని చట్టం, చాలామందికి తెలియదు.

బెజవాడ_బుల్లెట్టు
ఆ రోజుల్లో నేను విజయవాడలోనే ఇంటర్ చదువుతున్నా. మా కాలేజీ బయట ర్యాలీలు జరిగేవి. అరెస్టు చూపించినప్పుడు ఒక్కరు కూడా నమ్మలేదు.

పాత_వకీలు
కోనసీమ తమ్ముడు అడిగిందానికి వస్తాను. కేసు నిలబడుతుంది, కానీ త్వరగా కదలాలి.

అసలు డ్రైవర్‌ని ఎందుకు మార్చారో ముందు అర్థం చేసుకోండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో 199ఏ చేర్చారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రి లేదా బండి యజమాని నేరస్తుడే. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, 12 నెలలు రిజిస్ట్రేషన్ రద్దు. అంటే జైలు భయం కుర్రాడికన్నా ఎమ్మెల్యే బావమరిదికే ఎక్కువ. దానికి తోడు లైసెన్స్ లేనివాడు నడిపాడని తేలితే బీమా కంపెనీ మీకు పరిహారం కట్టినా తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది. డ్రైవర్ పేరు పెడితే ఈ రెండూ తప్పిపోతాయి.

ఎఫ్ఐఆర్‌లో ఒక పేరు రాసినంత మాత్రాన అదే ఖాయం కాదు. ఎస్పీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 173(4) కింద. నడిపింది ఎవరు, చూసింది ఎవరు, టైమెంత, అన్నీ రాయండి. కదలకపోతే 175(3) కింద మేజిస్ట్రేట్ దగ్గరికి అఫిడవిట్‌తో వెళ్లొచ్చు. దర్యాప్తు సరిగ్గా జరగకపోతే సరిగ్గా చేయమని ఆదేశించే అధికారం మేజిస్ట్రేట్‌కి ఉందని సాకిరి వాసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఫిర్యాదులోనే ఇద్దరి ఫోన్ల కాల్ రికార్డులు, టవర్ లొకేషన్ తెప్పించమని అడగండి. గుద్దిన టైముకి ఆ డ్రైవర్ ఫోన్ ఇంకో ఊళ్లో ఉంటే కథ అక్కడే తేలిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుని ఉంటే దాని మీద డీఎన్ఏ ఉంటుంది, కారు మరమ్మతుకి వెళ్లకముందే స్వాధీనం చేసుకోమనండి.

టీ కొట్టు దగ్గరున్న వాళ్లలో గట్టిగా నిలబడే ఇద్దరి చేత మేజిస్ట్రేట్ ముందు 183 కింద వాంగ్మూలం ఇప్పించేలా చూడండి. పోలీసు రాసుకున్న వాంగ్మూలాన్ని సాక్షి తర్వాత కాదనొచ్చు. మేజిస్ట్రేట్ ముందు ప్రమాణం చేసి చెప్పాక మాట మార్చడం అంత తేలిక కాదు.

కోనసీమ_కుర్రోడు
199ఏ సంగతి అస్సలు తెలియదు సార్. ఇప్పుడర్థమైంది రాజీకి అంత తొందర ఎందుకో. టీ కొట్టాయన మాత్రం చెప్పడానికి జంకుతున్నాడు. కొట్టు పంచాయతీ స్థలంలో ఉంది, ఒక్కరోజులో లేపేస్తారని భయం.

కృష్ణలంక_కాకి
ఆ భయం నిజం. మా నాన్న ఒక కొట్లాట కేసులో సాక్షి. అవతల ముద్దాయి ఒక పెద్ద నాయకుడి అల్లుడు. సమన్లు వచ్చిన వారానికే మా రేషన్ డిపో మీద తనిఖీలు మొదలయ్యాయి. తూకంలో తేడా ఉందన్నారు, డీలర్‌షిప్ సస్పెండ్ చేశారు. నాన్న కోర్టులో చూసింది చూసినట్టే చెప్పాడు. డిపో తిరిగి రావడానికి చాలాకాలం పట్టింది, అమ్మ నగలు అన్నీ అయిపోయాయి. అయినా ఆ విషయంలో నాన్న ఏనాడూ బాధపడలేదు. మాకు ఇప్పటికీ అదే గర్వం.

ఓరుగల్లు_పిల్ల
మీ నాన్నగారికి దండాలు.

జెస్సికా లాల్ కేసులో జరిగింది కూడా సాక్షుల దగ్గరే. 1999 ఏప్రిల్‌లో ఢిల్లీలో పార్టీ నిండా జనం ఉండగా కాల్పులు. ముద్దాయి మను శర్మ, తండ్రి వినోద్ శర్మ కాంగ్రెస్ నాయకుడు. ఒకరి తర్వాత ఒకరు సాక్షులు మాట మార్చారు, 2006 ఫిబ్రవరిలో తొమ్మిది మందీ నిర్దోషులన్నారు. దేశమంతా గొడవ చేస్తే అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు యావజ్జీవం వేసింది.

ఆ కేసులో సాక్ష్యం మాయం చేసినందుకు శిక్ష పడ్డ వికాస్ యాదవ్ కూడా ఒక యూపీ నాయకుడి కొడుకే. ఆ కేసు నడుస్తుండగానే, బెయిల్ మీద బయట ఉండి 2002లో నితీశ్ కటారాని చంపాడు. మొదటిసారి వదిలేస్తే రెండోసారి ఎవరి ఇంటి మీద పడతారో చెప్పలేం. కోనసీమ తమ్ముడూ, అందుకే నీ కేసు మీ తమ్ముడి కాలు ఒక్కదాని గురించే కాదు.

మానేరు_ఒడ్డు
ఇదే నేను చెప్పాలనుకున్న. ప్రజాభవన్ కేసులో అదే పేరు మీద ఇంకొకటి తిరగదోడారు. 2022 మార్చిలో జూబ్లీహిల్స్‌లో కారు గుద్ది బెలూన్లు అమ్ముకునే తల్లి చేతిలోని పసిబిడ్డ చనిపోయింది. అప్పుడు కూడా వేరే కుర్రాడొచ్చి నేనే నడిపానన్నడు. 2024లో మళ్లీ దర్యాప్తు చేసి, ఆ మాజీ ఎమ్మెల్యే కొడుకే నడిపాడని పోలీసులు ఆరోపించారు. కోర్టులో తేలాలి. కానీ రోడ్డు మీద బతికే ఆ తల్లికి ఎస్పీ ఎవరు, మేజిస్ట్రేట్ ఎవరు చెప్తరు?

పులివెందుల_పాలెగాడు
ఈ విషయంలో పార్టీ లేదు, నేనూ మీ వైపే.

బెజవాడ_బుల్లెట్టు
వకీలు గారూ, మీ ఫీజెంతో చెప్పండి, అందరం చందాలేస్తాం.

పాత_వకీలు
ఫీజొద్దు, వేసవిలో బంగినపల్లి పంపండి చాలు.

కోనసీమ_కుర్రోడు
కోనసీమ వాళ్లని మామిడి అడుగుతారేంటి సార్, కొబ్బరి బొండాలు అడగండి, లోడు దింపేస్తాను :)

గచ్చిబౌలి_గాలి
సీరియస్‌గా ఒక డౌట్. ఎంపీ, ఎమ్మెల్యేల కేసులకి ప్రత్యేక కోర్టులున్నాయి కదా, ఇలాంటివి అక్కడికి వెళ్లవా?

పాత_వకీలు
వెళ్లవు. 2017లో సుప్రీంకోర్టు చెప్పాక ఏర్పాటైన ఆ కోర్టులు ప్రజాప్రతినిధుల మీద కేసుల కోసం. నాయకుడు నిందితుడైతేనే. అతని కొడుకు, బావమరిది మీద కేసు మామూలు కోర్టులోనే నడుస్తుంది. ప్రజ్వల్ రేవణ్ణకి 2025 ఆగస్టులో బెంగళూరు ప్రత్యేక కోర్టు యావజ్జీవం వేసిందంటే, అతను దేవెగౌడ మనవడు కావడం వల్ల కాదు, స్వయంగా ఎంపీ కావడం వల్ల ఆ కోర్టుకి వెళ్లింది.

ఇంకో రంధ్రం కూడా ఉంది. హైకోర్టు అనుమతి లేకుండా ఎంపీ, ఎమ్మెల్యేల మీద కేసులు ప్రభుత్వం ఎత్తేయకూడదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆపింది. బంధువుల కేసులకి ఆ రక్షణ లేదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ పిటిషన్ వేసి, కింది కోర్టు ఒప్పుకుంటే అయిపోతుంది. ఆ రోజు బాధితుడు కోర్టులో ఉండి అభ్యంతరం చెప్పకపోతే అడిగేవాడే ఉండడు.

సీమ_బిడ్డ
మరి లఖింపుర్ ఖేరీలో? కేంద్ర హోం శాఖ సహాయ మంత్రి కొడుకు కదా.

ఓరుగల్లు_పిల్ల
అక్కడ కూడా సుప్రీంకోర్టు కల్పించుకుంటే గానీ కదల్లేదు. 2021 అక్టోబరు 3న నిరసన చేస్తున్న రైతుల మీదికి కారు దూసుకెళ్లిన ఘటన, మొత్తం ఎనిమిది మంది చనిపోయారు, వాళ్లలో నలుగురు రైతులు, ఒక విలేకరి. మన జస్టిస్ ఎన్.వి. రమణ గారు సీజేఐగా ఉన్నప్పుడు యూపీ పోలీసుల తీరు మీద అసంతృప్తి చెప్పిన మర్నాడు, అంటే 9న, ఆశిష్ మిశ్రా అరెస్టు. 2022 ఫిబ్రవరిలో హైకోర్టు బెయిలిచ్చింది, ఏప్రిల్‌లో రమణ గారి బెంచ్ రద్దు చేసింది. తర్వాత సుప్రీంకోర్టే మళ్లీ బెయిలిచ్చింది. తండ్రి మాత్రం 2024 ఎన్నికల దాకా మంత్రిగానే ఉన్నాడు. కేంద్ర హోం శాఖలో మంత్రిగా తండ్రి, నిందితుడిగా కొడుకు. సాక్షి ధైర్యంగా ఎలా ఉంటాడు?

మాజీ_సర్పంచ్_తమ్ముడు
ఆ ఒక్కదాంట్లో నేనూ ఒప్పుకుంటా. కేసు తేలేదాకా తండ్రిని పక్కన పెట్టాల్సింది. అది కొడుక్కి కూడా మంచిదే, రేపు నిర్దోషి అని వచ్చినా జనం నమ్ముతారు.

కృష్ణలంక_కాకి
కోనసీమ తమ్ముడూ, టీ కొట్టాయన్ని ఒత్తిడి చేయొద్దు. సాక్షుల రక్షణ పథకం 2018 అని ఉంది, సుప్రీంకోర్టే ఆమోదించింది, జిల్లా స్థాయిలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముందు పెట్రోలు బంకు, దుకాణాల కెమెరాలు చూసుకోండి. కెమెరాకి కొట్టు పోతుందన్న భయం ఉండదు.

కోనసీమ_కుర్రోడు
బంకాయన్ని అడిగాం, రికార్డింగ్ ఇంకా చెరిగిపోలేదన్నాడు. కాపీ ఇస్తానన్నాడు. బాబాయి కూడా కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు. రాజీ అంటూ రోజూ మనుషులు వస్తున్నారు, అదొక్కటే టెన్షన్.

పాత_వకీలు
రాజీకి మీ తమ్ముడి సమ్మతి కావాలి, ఎస్సై మాట చాలదు. తీవ్ర గాయం కేసులో కోర్టు అనుమతి కూడా ఉండాలి. ఆసుపత్రి ఖర్చు వాళ్లిస్తే తీసుకోండి, కానీ "క్లెయిమ్ వదులుకున్నాం" అనే కాగితం మీద సంతకం వద్దు. పరిహారం ట్రిబ్యునల్‌లో వేరే దావా, చట్టంలో 6 నెలల గడువు రాశారు, అది దాటకముందే వేయండి. 48 గంటల్లో ట్రిబ్యునల్‌కి మొదటి ప్రమాద నివేదిక పంపాల్సిన బాధ్యత పోలీసులదే, పంపారో లేదో అడగండి.

బంకు వాళ్ల దగ్గర కాపీతో పాటు కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్ మీద సంతకం తీసుకోండి, లేకపోతే కోర్టులో ఆ వీడియో చెల్లదంటారు. స్టేషన్‌లో కూడా కెమెరాలుంటాయి, కనీసం ఏడాది రికార్డింగ్ దాచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. రాజీ పడమన్న రోజు తేదీ, టైము రాసి ఆ ఫుటేజీ భద్రపరచమని ఎస్పీకిచ్చే ఫిర్యాదులో చేర్చండి.

రిటైర్డ్_హెచ్‌సీ
సోమవారం ఎస్పీ ఆఫీసులో ప్రజా ఫిర్యాదుల రోజు. పొద్దున్నే వెళ్లండి, జనం ఎక్కువుంటారు. రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద స్టాంపు, తేదీ, సంతకం వేయించుకునేదాకా అక్కడి నుంచి కదలొద్దు. "చూస్తాం, వెళ్లండి" అంటారు. రసీదు లేకుండా మాత్రం రావొద్దు. దర్యాప్తు అధికారిని మార్చమని విడిగా ఒక పేరా రాయండి. నిజం చెప్పాలంటే మీ ఎస్సైకి కూడా అదే కావాలి, కేసు పైకి వెళ్లిపోతే ఎమ్మెల్యే మనుషులకి "నా చేతుల్లో లేదు" అని చెప్పుకోగలుగుతాడు.